గాయపడ్డవాడి మీదే కన్ను

వెన్ను దెబ్బతిన్న హమాలీ తన వాకిట్లో నల్లా దగ్గర బిందె ఎత్తితే మోసం చేసినట్టా? కాలులో రాడ్ వేయించుకున్న లారీ డ్రైవరు బిడ్డను బడి దాకా దింపి వస్తే అతనికి నొప్పి లేనట్టా? జిన్నింగు మిల్లులో వేళ్ళు పోగొట్టుకున్న ఆడమనిషి బతుకమ్మ రోజున నలుగురితో కలిసి అడుగు వేస్తే ఆ వేళ్ళు మళ్ళీ మొలిచినట్టా? ఇంగితం ఉన్నవాళ్ళెవరూ ఇలాంటి ప్రశ్నలు అడగరు. కానీ నష్టపరిహారం కోసం కేసు వేసిన కార్మికుడికి ఎదురయ్యేవి ఇవే. ఆ ప్రశ్నల వెనక ఒక ఫొటో ఉంటుంది, ఒక వీడియో ముక్క ఉంటుంది, ఊళ్ళోకి వచ్చి పక్కింటివాళ్ళను ఆరా తీసి వెళ్ళిన ఒక కొత్త మనిషి ఉంటాడు. దెబ్బ తగిలినప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరూ కనపడరు. పరిహారం అడిగిన రోజు నుంచి మాత్రం అందరి కళ్ళూ అతని నడక మీదే ఉంటాయి.

దీన్ని నిఘా అంటాం. దొంగల మీద, హంతకుల మీద పెట్టాల్సిన నిఘాను పనిలో నడుము విరిగినవాడి మీద పెడుతున్నాం. ఇది అన్యాయమని కార్మిక శాఖ చెప్పదు, శాసనసభలో ఎవరూ అడగరు, పత్రికల్లో నాలుగు వాక్యాలు రావు. నన్ను ఎక్కువగా మండిస్తున్నది ఈ మౌనమే.

పరాయి దేశాల్లో ఇది బాహాటంగా నడిచే వ్యాపారం. స్విట్జర్లాండ్‌లో 1995లో మోటారు సైకిలు గుద్ది గాయపడ్డ ఒక మహిళ ఉంది. ఆమె చెప్పుకుంటున్నంత బాధ లేదని నిరూపించాలని ప్రమాద బీమా సంస్థ 2006లో డిటెక్టివ్‌లను పెట్టి, ఆమె బయట తిరుగుతుంటే చాటుగా వీడియో తీయించింది. ఆ నిఘాకు స్పష్టమైన చట్టపు ఆధారం లేదని, ఆమె వ్యక్తిగత జీవితపు హక్కుకు భంగం కలిగిందని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2016 అక్టోబరులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు తర్వాత స్విట్జర్లాండ్ నిఘాను ఆపలేదు, నిఘా కోసం చట్టమే రాసుకుంది. 2018 నవంబరులో ప్రజల ముందు పెడితే 64 శాతానికి పైగా ఓటర్లు సరేనన్నారు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్ర అంబుడ్స్‌మన్ కార్మికుల పరిహారం కేసులను 2016లో ఒకసారి, 2019లో మరోసారి తవ్వి చూశారు. బీమా ఏజెంట్లు తమకు పనికొచ్చే సాక్ష్యాన్ని మాత్రం ఏరుకుని, కార్మికుడికి అనుకూలమైనదాన్ని పక్కనపెట్టి, పరిహారం ఆపేస్తున్నారని ఆ నివేదికలు బయటపెట్టాయి.

అక్కడ కనీసం ఒక కోర్టు తప్పు పట్టింది, ఒక అంబుడ్స్‌మన్ లోపలికి వెళ్ళి చూశారు, జనం ఓటు వేశారు. మన దగ్గర ఆ మాత్రం చర్చ కూడా లేదు. బీమా క్లెయిముల విచారణ చేసిపెడతామని హైదరాబాద్‌లో డిటెక్టివ్ ఏజెన్సీలు ప్రకటనలు ఇచ్చుకుంటాయి. వాటిని అదుపు చేసే చట్టం ఈ దేశంలో లేదు. ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీల నియంత్రణకని 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. తలుపులకు కాపలా కాసే సెక్యూరిటీ గార్డును పెట్టుకునే ఏజెన్సీకి 2005 నుంచి లైసెన్సు చట్టం ఉంది. ఒక మనిషి వెంటపడి అతని బతుకును ఫోన్‌లోకి ఎక్కించే ఏజెన్సీకి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక వరంగల్ సంగతి చూడండి. ఈ ఊరు చేతుల మీద, వీపుల మీద నిలబడ్డ ఊరు. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు ఇక్కడి కార్మికుడికి ఒక పేరు, ఒక హాజరు పట్టీ, ఒక యూనియన్ ఇచ్చింది. 2002లో ఆ మిల్లు మూతపడింది. ఆ తర్వాత వచ్చిన పనుల్లో చెమట ఉంది గానీ కాగితం లేదు. ఏనుమాముల మార్కెట్ యార్డులో సీజన్ వచ్చిందంటే మిర్చి, పత్తి, మక్కల బస్తాలు కొండల్లా పడతాయి. వాటిని దించేది హమాలీలు, తూచేది దడవాయిలు, కింద రాలినదాన్ని ఊడ్చి ఎత్తేది చాట కూలీలుగా బతికే ఆడవాళ్ళు. మార్కెట్ దాటితే కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి బస్తాను భుజాన వేసుకుని నిట్టకు నిట్ట పైకి ఎక్కాలి. జిన్నింగు మిల్లుల్లో రోలరు పక్కన నిలబడాలి. రైసు మిల్లుల్లో, గ్రానైటు క్వారీల్లో, కడుతున్న అపార్టుమెంట్ల సారువ మీద, పత్తి ఏరే కూలీలను నింపుకుని పోయే ట్రాక్టరు ట్రాలీలో, ఎక్కడ చూసినా ఒళ్ళే పెట్టుబడి. ఆ ఒళ్ళు దెబ్బతింటే పెట్టుబడి మొత్తం పోయినట్టే.

ఆ నష్టాన్ని పూడ్చడానికే 1923లో కార్మిక నష్టపరిహార చట్టం వచ్చింది. బ్రిటిషువాళ్ళ కాలంలో, ఓటు హక్కు కూడా లేని కార్మికుడి కోసం రాసిన చట్టం అది. పనిచేస్తుండగా, పని కారణంగా గాయమైతే యజమాని తప్పు ఉన్నా లేకున్నా పరిహారం ఇవ్వాలంది. 2010 నుంచి దాన్ని ఉద్యోగుల పరిహార చట్టం అన్నారు. 2025 నవంబరు 21 నుంచి అది సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయింది. పేర్లు మారుతున్నా పునాది ఒక్కటే: పరిహారం దయ కాదు, పోయిన సంపాదనకు లెక్కకట్టి ఇవ్వాల్సిన బాకీ.

ఆ లెక్క ఎలా కడతారో కొంచెం ఓపిగ్గా చూడాలి. వీడియో ఎక్కడ దెబ్బ కొడుతుందో అందులోనే తెలుస్తుంది. పాత చట్టం మొదటి షెడ్యూలులో గాయాల పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతికి నాలుగు వేళ్ళు పోతే 50 శాతం, ఒక కన్ను పోతే 40 శాతం సంపాదన శక్తి తగ్గినట్టు. పట్టికలో లేని గాయాలకు ఎంత శాతమో డాక్టరు చెప్పాలి. వెన్నుపూస దెబ్బ ఆ పట్టికలో లేదు. అంటే బస్తాలు మోసేవాడికి ఏ ఎముక ఆధారమో ఆ ఎముక దగ్గరే లెక్క తెరిచి ఉంది. అనుమానం దూరేది సరిగ్గా అక్కడే.

నలభై ఏళ్ళ హమాలీ ఒకడు బస్తాతో జారిపడి నడుము విరగ్గొట్టుకున్నాడనుకుందాం. 2020 జనవరిలో పెట్టిన పరిమితి ప్రకారం నెల కూలిని 15,000 రూపాయలకు మించి లెక్కలోకి తీసుకోరు. అందులో 60 శాతం 9,000. ఆ వయసుకు చట్టం ఇచ్చిన గుణకం 184.17. రెండూ గుణిస్తే 16,57,530 రూపాయలు. డాక్టరు 30 శాతం నష్టం అన్నాడంటే అతనికి రావాల్సింది 4,97,259. బీమా కంపెనీ ఒక వీడియో ముక్క చూపించి ఆ 30ని 10కి దించగలిగితే వచ్చేది 1,65,753. మధ్యలో మాయమైన 3,31,506 రూపాయలు ఆ కుటుంబానికి ఏళ్ళ తరబడి బియ్యం, పిల్లల చదువు, తీర్చాల్సిన అప్పు. కంపెనీకి అది ఒక ఫైలులో మిగిలిన సొమ్ము. ఒక మనిషిని రెండు రోజులు బైకు మీద పంపి ఫోన్‌తో తీయించడానికి ఎంత ఖర్చవుతుంది? ఎందుకు పంపుతారో వేరే చెప్పాలా?

కోపంతో అడుగుతున్నాను: ఆ వీడియోలో ఏముంటుంది? అతను నడిచాడు, వంగాడు, ఏదో ఎత్తాడు అని ఉంటుంది. అంతకు ముందు రాత్రి నొప్పికి పక్క మీద దొర్లినదీ, బిందె దించాక గోడకు ఆనుకుని నిలబడ్డదీ, మర్నాడు లేవలేకపోయిందీ అందులో ఉండవు. వెన్ను నొప్పి గంటకో తీరుగా ఉంటుంది. మందు వేసుకున్న పూట ఒకలా, వేసుకోని పూట ఒకలా. మూడు రోజులు వెంటపడి తీసి, అందులో రెండు నిమిషాలు కోసి కోర్టు ముందు పెడితే అది సాక్ష్యం కాదు. ఆ మూడు రోజుల్లో మిగతాదంతా దాచిపెట్టడం అది.

అసలు చట్టం అడిగే ప్రశ్నే వేరు. ఈ మనిషి నిలబడగలడా అని చట్టం అడగలేదు. ఈ మనిషి తన పని చేసి మునుపటంత సంపాదించగలడా అని అడిగింది. 1968లో ఒడిశాలోని జైపూర్‌లో సినిమా హాలు పని చేస్తూ ఒక వడ్రంగి కిందపడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం అది పూర్తి అంగవైకల్యం కాదని యజమాని వాదించాడు. వడ్రంగి ఒంటి చేత్తో పనిచేయలేడు కాబట్టి అది నూటికి నూరు శాతం నష్టమేనని నలుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 1975లో తేల్చి చెప్పింది. 2019లో ఒక లారీ డ్రైవరు కేసు వచ్చింది. డాక్టరు ఒంటి మొత్తానికి 37 శాతం అన్నాడు. ఇక లారీ నడపలేడు కాబట్టి అతని సంపాదనకు నష్టం నూరు శాతమని అదే కోర్టు చెప్పింది. అతను నడవగలడు, కూర్చోగలడు, తినగలడు. అయినా నూరు శాతమే. ఇంత స్పష్టంగా ఉన్న న్యాయం వరంగల్ దాకా వచ్చేసరికి "గింత మంచిగ నడుస్తున్నవ్ గదా, ఇంకేం నొప్పి?" అన్న మాటగా ఎందుకు మారిపోతోంది?

అతను ఇంట్లో కదలకుండా పడుకోవచ్చు కదా అనేవాళ్ళున్నారు. పడుకుంటే ఎవరు పెడతారు? తాత్కాలికంగా పని చేయలేని కాలానికి కూలిలో సగం ఇవ్వాలని చట్టంలో ఉంది. దాన్ని కేసు తేలేదాకా ఆగకుండా చేతిలో పెట్టే యజమాని ఎంతమందికి దొరుకుతాడు? ఆసుపత్రి అప్పు, చేబదులు, బిడ్డ ఫీజు తలమీద ఉంటే నొప్పితోనే కిరాణం షాపులో కూర్చుంటాడు, ఎవరిదో ఆటో తోలుతాడు, మార్కెట్లో చీటీలు రాస్తాడు. ఒకప్పుడు రోజుకు వందల బస్తాలు ఎత్తినవాడు ఇప్పుడు ఒక కుర్చీ కోసం వెతుక్కోవడమే అతను ఎంత నష్టపోయాడో చెప్పే సాక్ష్యం. ఆ బతుకు పోరాటాన్నే వీడియో తీసి "పని చేసుకుంటున్నాడు, నష్టం లేదు" అని రాసుకుంటారు. పస్తులుండి చస్తే నిజాయితీపరుడు, బతకాలని చూస్తే మోసగాడు. దీనికన్నా క్రూరమైన తూకం ఉంటుందా?

కార్మికుడి ఒంటిని వెంటాడే ఈ కన్ను అతని పనిచోటును ఎందుకు చూడదు? తెలుగు నేల మీద కెమెరాలకు కరువు లేదు. నూరుమందికి పైగా గుమిగూడే ప్రతి సంస్థా సీసీ కెమెరాలు పెట్టాలని 2013లోనే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రతా చట్టం చేశారు. 'నేను సైతం' పేరుతో కాలనీ కాలనీకీ చందాలు వేయించి కెమెరాలు పెట్టించారు. 2022లో హైదరాబాద్‌లో కమాండ్ కంట్రోల్ సెంటరు కట్టారు. చౌరస్తాలో హెల్మెట్ లేకుండా పోయే పిల్లవాడి ఫొటో ఇంటికి వస్తుంది. మిల్లులో రోలరు చెయ్యి లాక్కున్న క్షణం ఫుటేజీ మాత్రం కార్మికుడికి దొరకదు. అడిగితే కెమెరా చెడిపోయిందంటారు, రికార్డింగు చెరిగిపోయిందంటారు. దాన్ని భద్రపరచమని యజమాని మెడ మీద కూర్చునే అధికారి ఉండడు.

ఇక కాగితాలు. హాజరు పట్టీలో పేరుండదు. బస్తాకు ఇంత అని లెక్కించి చేతిలో పెట్టే కూలికి రశీదు ఉండదు. యజమాని పాలసీ తీసుకున్నాడో లేదో, తీసుకుంటే ఎంతమందికి తీసుకున్నాడో కూలికి తెలియదు. ఎంజీఎం ఆసుపత్రిలో మొదటి చీటీ మీద ఏం రాశారన్నదే తర్వాత కేసుకు ప్రాణం. తోడు వచ్చిన గుమాస్తా "బండి మీద నుంచి పడ్డాడు" అని చెబితే అదే రాసుకుంటారు, మిల్లు ఆ చీటీలోంచి తప్పుకుంటుంది. కేసు వేశాక బీమా కంపెనీ కౌంటరులో ఏముంటుందో కార్మిక కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళకు కంఠతా వచ్చు: ఇతను ఆ యజమాని దగ్గర పనిచేయలేదు, వయసు తప్పు, కూలి ఎక్కువ చెప్పాడు, ప్రమాదం పనిలో జరగలేదు, వైకల్యం పెంచి చూపించాడు, ట్రాలీలో ఎక్కినవాడు కూలీ కాదు ప్రయాణికుడు. అన్నీ కార్మికుడే నిరూపించుకోవాలి. నిరూపించే కాగితాలన్నీ యజమాని బీరువాలో ఉంటాయి.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి యాభై మందికి పైగా కార్మికులు బలైపోయారు. ఆ పూట లోపల ఎంతమంది ఉన్నారు, ఎవరెవరున్నారు అన్నది తేలడానికే రోజులు పట్టింది. తమవాళ్ళ ఫొటోలు పట్టుకుని బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు గేటు ముందు, ఆసుపత్రుల ముందు ఎదురుచూశాయి. కొందరి ఆనవాళ్ళు కూడా దొరకలేదు. బతికి పనిచేస్తున్నప్పుడు ఆ మనిషి ఉన్నాడని నమోదు చేయడానికి తీరిక లేని వ్యవస్థ, అతను గాయపడి పరిహారం అడిగితే మాత్రం అడుగడుగూ నమోదు చేస్తుంది.

ఈ నిఘా నడిచే కాలం కూడా చూడండి. పరిహారం తేల్చే అధికారి ముందుకు వచ్చిన కేసు మూడు నెలల్లో తేల్చాలని 2009 సవరణ పెట్టింది. పరిహారం బాకీ పడ్డ నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా అని పాత చట్టం చెప్పింది. మరి నిజంగా ఏం జరుగుతుంది? మనకు పక్కనే మహారాష్ట్రలో ఒక చక్కెర కర్మాగారం వాచ్‌మన్ 2003 ఏప్రిల్‌లో డ్యూటీకి పోతూ దారిలో ప్రమాదంలో చనిపోయాడు. కింది కోర్టు 3,26,140 రూపాయలు ఇవ్వమంది. బీమా కంపెనీ అప్పీలుకు పోయి 2011లో హైకోర్టులో గెలిచింది. ఆ కుటుంబానికి ఆ డబ్బు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2025 జూలై వచ్చింది. ఇరవై రెండేళ్ళు! ఆ కంపెనీ ప్రైవేటుది కూడా కాదు, ప్రజల డబ్బుతో నడిచే ప్రభుత్వ రంగ సంస్థ. వడ్డీ ప్రమాదం రోజు నుంచి లెక్కించాలా, తీర్పు రోజు నుంచా అన్న తగాదా కూడా 1975లోనే తేలిపోయినా, బీమా కంపెనీ మళ్ళీ సుప్రీంకోర్టు దాకా లాగితే, 2012లో మరోసారి అదే మాట చెప్పించుకోవాల్సి వచ్చింది. ప్రజల కోసమని 1972 చట్టంతో సాధారణ బీమాను జాతీయం చేశాం. ఆ సంస్థలే కూలివాడి ఇంటిమీద పోరాటం చేస్తుంటే ఆ జాతీయం ఎవరికోసం?

దొంగ క్లెయిములు లేవా అంటారు. ఉన్నాయి, కాదనను. ఉత్తరప్రదేశ్‌లో మోటారు ప్రమాదాల పేరిట, కార్మిక పరిహారం పేరిట దొంగ కేసులు వేసిన ముఠాల మీద 2015లో ప్రత్యేక దర్యాప్తు బృందం వేశారు. 2021లో సుప్రీంకోర్టు ఆ వ్యవహారం మీద మండిపడింది. అందులో నిందితులుగా తేలినవాళ్ళలో న్యాయవాదులున్నారు. కాగితాలు పుట్టించే దళారీని పట్టుకోవడానికి నిజంగా నడుము విరిగినవాడి వాకిలి ముందు కాపుకాయాల్సిన పని లేదు. మన రాష్ట్రంలోనే 2019లో ఈఎస్ఐ మందుల కొనుగోళ్ళలో కోట్ల రూపాయల కుంభకోణం మీద అవినీతి నిరోధక శాఖ కేసు పెట్టి, బీమా వైద్య సేవల విభాగం డైరెక్టరునే అరెస్టు చేసింది. ఆ ఈఎస్ఐ నిధిలో కార్మికుడి జీతంలోంచి నెలనెలా కోసిన పైసలున్నాయి. అదే ఈఎస్ఐ చట్టం, తాత్కాలిక వైకల్య భత్యం తీసుకుంటున్న కార్మికుడు చికిత్సలోనే ఉండాలనీ, డాక్టరు పిలిస్తే పరీక్షకు రావాలనీ, అనుమతి లేకుండా ఆ ప్రాంతం దాటి పోకూడదనీ షరతులు పెట్టింది. ఊరు దాటడానికి అనుమతి అడగాల్సింది ఎవరు? గోడౌను నిండా సొమ్ము కాజేశారన్న కేసులో ఇరుక్కున్నది ఎవరు?

అనుమానం తీర్చుకోవడానికి చట్టం ఎప్పుడో దారి చూపించింది. గాయపడ్డవాణ్ణి తన ఖర్చుతో డాక్టరు చేత పరీక్ష చేయించే హక్కు యజమానికి 1923 నుంచే ఉంది. కార్మికుడు రానంటే అతని హక్కే ఆగిపోతుంది. అంత గట్టి ఆయుధం చేతిలో ఉంది. అందులో అంతా ముఖాముఖి ఉంటుంది, కార్మికుడికి తెలుస్తుంది, డాక్టరును బోనులో నిలబెట్టి అడగొచ్చు. అది వదిలేసి చాటుమాటు వీడియోకు దిగేది నిజం తెలుసుకోవడానికి కాదు, మనిషిని భయపెట్టి తక్కువకు రాజీ పడేలా చేయడానికి. తన మీద కన్ను ఉందని తెలిసినవాడు మందుల షాపుకు పోవడానికీ జంకుతాడు, చావుకు పోవడానికీ జంకుతాడు, పెళ్ళిలో నవ్వడానికీ జంకుతాడు. చివరికి "ఎంతిస్తే అంత ఇవ్వండి, ఈ గొడవ వద్దు" అంటాడు. ఆ మాట కోసమే ఇదంతా.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పారు. ఆ హక్కు బంజారాహిల్స్ బంగళాకు ఎంత ఉందో ఏనుమాముల హమాలీ రేకుల ఇంటికీ అంతే ఉంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం ఒక కిటికీ తెరిచి పెట్టింది. చట్టపరమైన హక్కు కోసమో క్లెయిము కోసమో అవసరమైతే, ఎవరి సమాచారమో వాళ్ళ అనుమతి లేకుండానే వాడుకోవచ్చంది. ఆ కిటికీలోంచి ముందుగా దూరేది ఎవరో చెప్పనక్కర్లేదు. డబ్బూ లాయర్లూ ఉన్న కంపెనీ దూరుతుంది. కోర్టులో పెట్టే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి నిర్ణీత సర్టిఫికెట్ ఉండాలని సుప్రీంకోర్టు 2014లో, 2020లో గట్టిగా చెప్పింది. ఇన్వెస్టిగేటరు ఫోన్ వీడియోకు అది ఉందా అని అడగాలని ఏ హమాలీకి తెలుసు? చెప్పేవాళ్ళేరి?

ఇక్కడ నా ఆవేదన బీమా కంపెనీల మీదే కాదు. లాభం కోసం బతికే కంపెనీ లాభం చూసుకుంటుంది. పని చేయాల్సింది మనం పెట్టుకున్న ప్రభుత్వం. హన్మకొండలో కార్మిక శాఖ కార్యాలయం ఉంది, అధికారులున్నారు, జీతాలున్నాయి. ఒక్క రోజైనా మార్కెట్ యార్డుకు వచ్చి ఎంతమంది హమాలీల పేరిట పాలసీలు ఉన్నాయో లెక్క తీసి గోడకు అంటించారా? మహారాష్ట్ర 1969లోనే మథాడీ చట్టం చేసి బరువులు మోసేవాళ్ళకు బోర్డులు పెట్టింది. హమాలీలకు సంక్షేమ బోర్డు కావాలని ఇక్కడి సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. వరంగల్ మిర్చికి పేరు తెచ్చుకున్నాం, టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసుకున్నాం, కాజీపేటకు రైల్వే ఫ్యాక్టరీ తెచ్చుకున్నాం. వాటిలో పనిచేయబోయే చేతులు నలిగితే ఎవరు నిలబడతారన్న ప్రశ్న ఏ వేదిక మీదా వినపడలేదు.

అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. కేసు వింటున్న అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా ఏ గాయపడ్డ కార్మికుణ్ణీ, అతని ఇంటినీ, పిల్లలనూ చాటుగా తీయకూడదు. తీస్తే కోసిన ముక్క కాదు, తీసినదంతా కార్మికుడి చేతికి ఇవ్వాలి. ప్రమాదం జరిగిన చోటి సీసీ ఫుటేజీని ఆ రోజే సీలు చేసి అధికారికి అప్పగించాలి. ఇవ్వని యజమాని మాట అబద్ధమని భావించాలి. ప్రతి మిల్లు, గోడౌను, క్వారీ గేటు మీద పాలసీ నంబరు, ఎంతమందికి ఉందో తెలుగులో రాసి పెట్టాలి. కేసు నడుస్తున్నన్నాళ్ళూ సగం కూలి ఆగకూడదు. మూడు నెలల గడువు దాటిన ప్రతి కేసుకూ ఆ అధికారి కారణం రాసి జనం ముందు పెట్టాలి. వీటిలో ఒక్కదానికీ కోట్లు అక్కర్లేదు. కార్మికుడు మనిషని ఒప్పుకుంటే చాలు.

హమాలీ అన్నలారా, చాట కూలీ అక్కలారా, డ్రైవరు తమ్ముళ్ళారా, దెబ్బ తగిలిన రోజే ఆసుపత్రి చీటీలో ఎక్కడ, ఏ పనిలో తగిలిందో రాయించండి. తెలియని మనిషి వచ్చి తెల్ల కాగితం ముందు పెడితే సంతకం చేయకండి. వీడియో చూపిస్తే మొత్తం చూపించమనండి. న్యాయవాదులారా, యూనియన్లారా, వాళ్ళ పక్కన నిలబడండి. కార్మిక శాఖ అధికారులారా, మీ ముందున్న ఫైళ్ళలో ప్రతి ఒక్కటీ ఒక విరిగిన ఒళ్ళు. దాన్ని అనుమానించడానికి మీకు జీతం ఇవ్వడం లేదు. దాని బాకీ ఇప్పించడానికి ఇస్తున్నాం.